గెడ్డ రొయ్యల పెద్దమనిషి

జ్ఞాపకార్థ కూడికలో తొమ్మిది మంది మాట్లాడారు. అందులో ఆరుగురు రొయ్యల గురించే మాట్లాడారు. పోర్టు వర్కుషాపులో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి చార్జ్‌మన్‌గా దిగిన మనిషి పోతే, అతను బాగుచేసిన ఒక్క యంత్రం సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. అతను పట్టిన రొయ్యలు, అతను వండిన రొయ్యలు, అతని చేతి రుచి. తొమ్మిదో మనిషి సంఘపెద్ద. ఆయన లేచి, పదేళ్ళ కిందటి కోత పండుగలో అతను నూట ఇరవై మంది ప్రాణాలు ఎలా కాపాడాడో చెప్పాడు. పైడమ్మ అనే గెడ్డ మనిషి నీళ్ళలో పురుగుల మందు పోసి పట్టిన రొయ్యలు అంటగడితే, అతను చూపుతోనే పసిగట్టి గొయ్యి తవ్వి పూడ్పించాడట. వెనక వరసలో ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు.

నన్నూ మాట్లాడమన్నారు. గొంతు బాగాలేదన్నాను. నా గొంతుకేమీ కాలేదు. పైడమ్మ కూడా బతికే ఉంది, పెందుర్తి దాటాక, మేం గెడ్డ అనే అదే వాగు ఒడ్డున, అదే పాకలో. పదేళ్ళుగా మా కాలనీలో ఆమెకున్న పేరు ‘మందు పోసే మనిషి’. ఆ పేరు ఆమెది కాదు. అది తీసెయ్యాలంటే అతని గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అతని పేరు రాయను, మా కాలనీ వాళ్ళకి రాయకపోయినా తెలుస్తుంది. అందరూ ‘ఆయన’ అంటారు. నేను ‘అతను’ అంటాను. ఎదుట ఉన్నప్పుడు మాత్రం మా వైపు మగవాళ్ళందరం ఒకరినొకరు పిలుచుకున్నట్టే ‘బావా’ అన్నాను, ఇరవై ఏళ్ళు.

ఎవరింట్లోనైనా పళ్ళెంలో గెడ్డ రొయ్య కనిపిస్తే అతని చెయ్యి ఆగేది కాదు. అన్నిటిలోకీ పెద్దదాన్ని ఏరి, నీలంగా పొడుగ్గా ఉండే దాని ముందరి కాళ్ళు పట్టుకుని పైకెత్తేవాడు. ఎడమ చెయ్యి చాపి దాని మీద పరిచేవాడు. తోక మోచేతి దగ్గర, కాళ్ళ చివర్లు వేళ్ళ దగ్గర.

“సూడు బావా, మోసెయ్యి దాటిపోనాది!”

దాటేది. ఎందుకంటే చాపినట్టే చాపి మణికట్టు దగ్గర చెయ్యి లోపలికి మడిచేవాడు. అది ఎవరూ చూసేవారు కాదు. ఒకసారి అతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నేను స్కేలు పెట్టి కొలిచాను. కాళ్ళతో కలిపి పదకొండు అంగుళాలు. తల తీసేస్తే తినేది మూడున్నర. తిరిగొచ్చాక ఆ సంగతి చెప్పాను. “లెక్కలు నీవి, రొయ్యలు నావి” అన్నాడు. ఆ మాట అతనికి ఎంత నచ్చిందంటే అప్పటినుంచి నేను ఏ అంకె చెప్పినా అదే జవాబు.

వంట సంగతి. అతని భార్య నాకు చెల్లెలి వరస. రొయ్యల్ని చాటలో పోసుకుని ఒక్కొక్కదాని తల విరిచి, వీపు మీద గోటితో గీసి నల్లదారం లాగేసేది. తలల్లో ఉండే ఎర్రటి కొవ్వు వేరే గిన్నెలోకి పిండి పెట్టేది. పసుపు, ఉప్పు రాసి, చుక్క నీళ్ళు పొయ్యకుండా మూకుడులో వేసేది. రొయ్యలు ముందు వాటి నీళ్ళు అవి వదిలి, మళ్ళీ అవే పీల్చుకోవాలి. అప్పుడు ఉల్లిపాయ, అప్పుడు కారం, చింతచిగురు దొరికే రోజులైతే అది, చివర్లో తలల కొవ్వు. మొత్తం గంటా పది నిమిషాలు. అతను వచ్చేది ఆఖరి నాలుగు నిమిషాలకి. గరిటె ఆమె చేతిలోంచి తీసుకుని మూడుసార్లు తిప్పి, మూకుడు అంచుమీద రెండు దెబ్బలు కొట్టి, అరచేతిలో చుక్క వేసుకుని, కళ్ళు మూసుకునేవాడు. బయట కూర్చున్న మేమందరం ఆ కళ్ళు తెరుచుకునేదాకా మాట్లాడకూడదు.

“ఉప్పు. ఒక్క రవ్వ.”

ఆమె ఉప్పు కుండలో వేళ్ళు పెట్టి మూకుడు మీద విదిల్చేది. గుమ్మానికి దగ్గరగా కూర్చునేవాణ్ణి కనక నాకు కనిపించేది. ఆమె వేళ్ళు వట్టివి. అతను మళ్ళీ రుచి చూసేవాడు.

“ఇదీ! నా సెయ్యి పడాల గాని రొయ్య రొయ్యవ్వదు.”

అతనితో గెడ్డకి వెళ్ళిన మొదటి ఆదివారం నాకు బాగా గుర్తు. ఆరాధన అయ్యాక ముగ్గురం బస్సెక్కాం, వర్కుషాపులో అతని చేతికింద పనిచేసే ఖలాసీ ఒకడు మూడోవాడు. అతను పోర్టు వాళ్ళిచ్చిన ఖాకీ నిక్కరు, ఏదో గ్రీకు ఓడ సరంగు ఇచ్చాడని చెప్పుకునే టోపీ వేసుకున్నాడు. గెడ్డ మీద రైలు కట్ట కింద ఒక మడుగుంది. పక్కలకి మొగలి పొదలు, అడుగున రాళ్ళు. అతను నడుంలోతు దిగి, రాతి బొరియకి ఎదురుగా వల పట్టుకుని, వెనకనుంచి మమ్మల్ని కర్రలతో పొడవమన్నాడు. పొడిచాం. కేకలు వేశాడు, వేశాం. మూడు గంటలసేపు చేస్తే ఐదు రొయ్యలు. అందులో రెండు అతను కాలితో తొక్కినవి.

ఒడ్డున ఒకామె కూర్చుని చూస్తోంది, పైడమ్మ అని తర్వాత తెలిసింది. నలభై ఏళ్ళుంటాయి, సన్నటి మనిషి, మోకాళ్ళ పైకి కట్టిన చీర. ఆమె మామగారి రోజులనుంచి ఆ మడుగు వాళ్ళదేనని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. కాయితమేమీ లేదు. మేము దిగినప్పుడు ఆమె పనాపి పైకొచ్చేసింది.

“బాబూ, రొయ్య ఎనక్కి ఎల్తాది” అంది. “ముందు కాడ వలెట్టి ఏటి సేత్తారు?”

“ఏటే, నాకు సెప్తన్నావా?” అన్నాడు అతను. “ఇరవై ఏళ్ళు బట్టి పడతన్నాను.”

“ఇరవై ఏళ్ళు బట్టి ఎదురుగుండే పడతన్నారా!” అని ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఖలాసీ కూడా నవ్వాడు, తర్వాత దానికి వర్కుషాపులో అనుభవించాడు.

ఆమె నీళ్ళలోకి దిగి చూపించింది. ఒక చేత్తో వెదురుబుట్ట రొయ్య వెనక పెట్టి, రెండో చేతిలో పుల్లతో దాని మీసాల దగ్గర ఊరికే తాకింది. అది ఒక్క విదిలింపుతో వెనక్కి, బుట్టలోకి. కేకల్లేవు, పొడవడాల్లేవు. అరగంటలో పద్నాలుగు. పొట్ట కింద గుడ్లున్నవి నాలుగు ఉంటే, మూడింటిని అరచేతిలో పెట్టుకుని నీళ్ళలోకి దింపేసింది. “పో తల్లీ, పురుడోసుకుని రా” అంది ప్రతిదానితోనూ.

“అదేటి, అయ్యే రుసి!” అని అతను నాలుగోది ఆమె బుట్టలోంచి లాక్కున్నాడు.

ఆ వారం గడవకముందే కాలనీ అంతా ఒక కొత్త విషయం విన్నది. రొయ్య వెనక్కి పారిపోతుందని అతను కనిపెట్టాడట. గెడ్డలో నిలబడి ఆలోచిస్తుంటే తట్టిందట. నేను పక్కనే ఉన్నాను. నన్నే సాక్ష్యం అడిగాడు. “అడగండి, మా బావ సూసేడు గదా!” తల ఊపాను.

ఆ తర్వాత పైడమ్మ మా కాలనీకి రావడం మొదలుపెట్టింది. మంగళవారం, శుక్రవారం పొద్దున్నే బస్సు దిగి, తడి గోనె కప్పిన బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేది. గోనె తీస్తే రొయ్యలు బుట్ట అంచుదాకా ఎగిరేవి. పిల్లలు అరుస్తూ వెనక్కి దూకేవాళ్ళు. ముప్ఫై రెండు ఇళ్ళలో ఇరవై ఆరు ఇళ్ళకి ఆమె వాడిక. వేసవిలో మడుగు తగ్గినప్పుడు తప్ప ఆమె ఇంటి తిండి మా వీధిలోంచే వెళ్ళేది. అతనింటికి వెళ్ళే రొయ్యలు కూడా చాలావరకు ఆమె బుట్టలోవే. అతను వాటిని పెరటి గుమ్మంలోంచి తీసుకునేవాడు.

ఇక కోత పండుగ. మా సంఘంలో ఏటా పంటలు ఇంటికొచ్చే రోజుల్లో చేస్తాం. పంటల్లేని మాలాంటి వాళ్ళం కూడా ఏదో ఒకటి తెచ్చి గుళ్ళో పెడతాం, ఆరాధన అయ్యాక అందరూ కలిసి కూర్చుని తినే ప్రేమవిందు ఉంటుంది. ఆ ఏడు రైల్వేలో పనిచేసే ఒకాయన లేచి మేకపోతు తనదన్నాడు. జనం ఆమెన్ అన్నారు. ఆమెన్ కొంచెం గట్టిగానే వచ్చింది. నా పక్కన కూర్చున్న అతను కదిలాడు. కదలడం నాకు తెలిసింది, బల్ల ఊగింది. లేచి నిలబడ్డాడు.

“రొయ్యలు నావి. నూట ఇరవై మందికి. మనిషికి ఐదు.”

ఈసారి ఆమెన్‌కి గుడి రేకులు మోగాయి.

“ఆరు వందలు కావాలి బావా” అన్నాను బయటికొచ్చాక.

“లెక్కలు నీవి...” అని ఆగిపోయాడు. మొదటిసారి ఆ మాట పూర్తి చెయ్యలేదు.

పైడమ్మ దగ్గరికి వెళ్ళాడు, నన్ను తీసుకునే వెళ్ళాడు. పన్నెండు రోజుల గడువుంది. ఆమె వేళ్ళు మడిచి చూసుకుని, “నూటయాభై అవుతాయి బాబూ. బుట్టలో వేసి నీట్లోనే ఉంచుతాను, బతికుంటాయి. ఆరొందలు నావల్ల కాదు” అంది.

“నీవల్ల కాదా, గెడ్డవల్ల కాదా?”

“ఇద్దరివల్లా కాదు.”

తిరుగు బస్సులో అతను నన్నడిగాడు. “నిజం సెప్పు, ఆ మడుగులో మొత్తం ఎన్నుంటాయి?”

అక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నేను ఎనిమిదో తరగతితో ఆపేసినవాణ్ణి. ఓడల దగ్గర సరుకు లెక్కపెట్టే టాలీ పనిలో చేరి, లెక్క అక్కడే నేర్చుకున్నాను. గంటకి ఎన్ని బస్తాలు పైకొస్తున్నాయో, ఎన్నాళ్ళు ఆగకుండా వస్తున్నాయో చూస్తే, ఓడ కడుపులో ఎంతుందో దిగి చూడకుండానే చెప్పగలను. పెద్ద తేడా ఎప్పుడూ రాలేదు. గెడ్డకీ అదే చేశాను. పైడమ్మ రోజుకి పన్నెండు నుంచి పదిహేను పడుతుంది. వానలనుంచి ఇప్పటిదాకా ఇన్ని రోజులు. ఎప్పుడూ తగ్గలేదు. అంటే అడుగున ఇంకా చాలా ఉండాలి.

“ఏడు వందలకి తక్కువ ఉండవు” అన్నాను. అతనేమీ అనకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నా అంకెకి అతను అంత మర్యాద ఇవ్వడం అదే మొదలు. నాకు బాగానే అనిపించింది.

పండుగకి ముందురోజు, శనివారం, తొమ్మిది గంటలకి రెండు గోనెసంచులు తీసుకుని గెడ్డకి రమ్మన్నాడు. నేను కట్ట దిగుతుండగానే ఆ దృశ్యం కనబడింది. రొయ్యలు వాటంతట అవే ఒడ్డుకి ఎక్కుతున్నాయి. రాళ్ళ మీదికి, మొగలి వేళ్ళ మీదికి, బురద మీదికి, ఒకదాని మీద ఒకటి. కొన్ని అక్కడే వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటున్నాయి. ఇద్దరు ఖలాసీలు ఏరుతున్నారు. అతను టోపీ పెట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. పక్కన వంగతోటలకి కొట్టే పురుగుల మందు డబ్బాలు రెండు. ఒకటి ఖాళీ.

“సూసావా బావా? వల అక్కర్నేదు, బుట్ట అక్కర్నేదు. పిలిస్తే వచ్చీసినాయి.”

“ఇవి తినేవేనా?”

“తల తీసీసి, ఏడు నీళ్ళు కడిగి, సింతపండు పులుసులో ఊరబెడితే మందుండదు. మా మేనమామ ఊర్లో ఇలాగే సేత్తారు. నువ్వు లెక్కెట్టు.”

లెక్కపెట్టాను. తొంభై నాలుగు. వేలి పొడుగుకి తక్కువున్నవి కలపలేదు.

“ఏడొందలన్నావు” అన్నాడు.

“అన్నాను.”

“తొంభై నాలుగే తేలేయి. మిగతాయేవి?”

నేను నీళ్ళవైపు చూశాను. నిజం రాస్తున్నాను కనక ఇది కూడా రాయాలి. ఆ నిమిషంలో నాకూ అదే ఆలోచన. మిగిలిన ఆరు వందల ఆరు ఎక్కడున్నాయి? నా లెక్క తప్పదు, అడుగున రాళ్ళ కింద ఉండి ఉంటాయి.

“అడుగునున్నాయి. వాటికింకా తగల్నేదు” అన్నాడు అతను, నా మనసులో ఉన్నది చదివినట్టు. ఖలాసీకి రెండో డబ్బా చూపించాడు.

“వద్దు బావా” అన్నాను. ఒక్కసారి అన్నాను.

రెండో డబ్బా పోశారు. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. పదిహేడు రొయ్యలు వచ్చాయి. ఆ తర్వాత వచ్చినవి వేరే. బొమ్మిడాయిలు, కప్పలు, నీటిపాములు, గుల్లలు నోరు తెరుచుకుని. ఆరు వందలు రాలేదు.

డబ్బా చివరి చుక్క దులుపుతుండగా పైడమ్మ నెత్తిన పుల్లలమోపు, చంకలో నీళ్ళ కుండతో కట్ట మీదికి వచ్చింది. మోపు కింద పడేసి పరిగెత్తుకొచ్చింది. తిట్టలేదు. నీళ్ళలో దిగబోతే అతను “దిగీకే, ఒళ్ళు కాలిపోద్ది!” అని అరిచాడు. ఆమె ఆగి, ఒడ్డున పడున్నవాటిలోంచి గుడ్లున్న రొయ్యల్ని ఏరి, తాగడానికి తెచ్చుకున్న కుండ నీళ్ళలో వేసింది. నాలుగు వేసింది. నాలుగూ తిరగబడ్డాయి.

“అడిగితే ఇచ్చీదాన్ని కదా బాబూ” అంది. “ఉన్నన్ని ఇచ్చీదాన్ని. గెడ్డనెందుకు సంపీసినారు?”

“ఏటే మరీ! మూడ్రోజుల్లో కడుక్కుపోద్ది. ఇదుగో, నువ్వూ పట్టుకెళ్ళు” అని సంచిలోంచి రెండు దోసిళ్ళు తీసి ఆమె ముందు పోశాడు. ఆమె మడుగు రొయ్యలు ఆమెకే దానం. ఆమె వాటిని చూడనైనా చూడలేదు. ఖలాసీలు వాటినీ, కుండలో చచ్చిన నాలుగింటినీ మళ్ళీ సంచిలోకి ఎత్తేశారు.

మధ్యాహ్నం సంచులు ఇంటికి చేరాయి. అతని భార్య చాట ముందు కూర్చుని ఒక రొయ్యని తీసి, వేళ్ళ మధ్య వేలాడదీసి చూసింది. తడిగుడ్డలా వేలాడింది. తల తాకగానే ఊడి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని దింపేసింది. అతన్ని అడగలేదు, నన్నడిగింది.

“అన్నయ్యా, ఇయ్యి ఎలా సచ్చేయి?”

చెప్పాను.

ఆమె లేచి సబ్బు పెట్టి మూడుసార్లు చేతులు కడుక్కుంది. వచ్చి గుమ్మంలో కూర్చుంది.

“నాను వండను.”

“నూట ఇరవై మంది, గుడి, పండగ! నా మాట పోద్ది” అన్నాడు అతను.

“అయితే నువ్వొండు. నీ సెయ్యి పడాల కదా, పడనీ.”

అతను వంటింట్లోకి వెళ్ళాడు. మూకుడు పొయ్యి మీద పెట్టాడు. మంట పెద్దది చేశాడు, తగ్గించాడు. తర్వాత లోపల్నుంచి, “పసుపెక్కడెట్టావు?” అన్న మాట వినపడింది. ఆమె గుమ్మంలోంచి కదల్లేదు. ఇరవై ఏళ్ళ రొయ్యల వంటగాడికి పసుపు డబ్బా దొరకలేదు. నా జన్మలో అంత తృప్తిగా మరో మాట వినలేదు. సాయంత్రానికి పెరట్లో జామచెట్టు కింద గొయ్యి తవ్వి నూట పదకొండు రొయ్యలూ పూడ్చారు. అంతటితో పోయేది. ఒక పూట పరువు పోయేది, అంతే.

మర్నాడు ఆరాధనలో కానుకలు అర్పించే వేళ అతను లేచాడు. చేతిలో రొయ్యలు లేవు కనక జనం చూస్తున్నారు. అతను తల వంచుకుని, మామూలుకంటే చిన్న గొంతుతో మొదలుపెట్టాడు.

“సహోదరులారా, నిన్న దేవుడు నా కళ్ళు తెరిచాడు. మీకోసం ఆ గెడ్డ పైడమ్మ దగ్గర ఆరు వందల రొయ్యలు కొన్నాను. ఇంటికి తెచ్చి ఒక్కటి చేతిలో పట్టుకోగానే తెలిసిపోయింది, మందు పోసి పట్టింది. ఎంత నష్టమైనా సరే, అన్నీ పూడ్పించేశాను. మీ పిల్లలు నాకు ముఖ్యం.”

నూట ఇరవై మంది ఊపిరి పీల్చడం వినబడింది. పాస్టరు అయ్యగారు ముందుకొచ్చి అతని తల మీద చెయ్యి పెట్టి స్తుతి ప్రార్థన చేశారు. మోకాళ్ళ మీద ఉన్న అతని భుజాలు అదిరాయి. ఏడుస్తున్నాడనుకున్నారు. నిజంగానే ఏడుస్తున్నాడేమో కూడా, తను చెప్పింది తను నమ్మడానికి అతనికెప్పుడూ నాలుగు నిమిషాలకంటే పట్టలేదు. ఆడవాళ్ళ వరసలో అతని భార్య కొంగు కళ్ళదాకా లాక్కుంది. ఆ తర్వాతి పాట ఆమె పాడలేదు. నేను మూడో వరసలో ఉన్నాను. నూట పదకొండు అని నాకు తెలుసు.

బయట వేపచెట్టు కింద పట్టుకున్నాను. “పైడమ్మ పేరెందుకు తీశావు?”

“మరెవల పేరు తియ్యమంటావు? నీ పేరా?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. “ఏడొందలని సెప్పినోడివి నువ్వు. ఆ మాట కూడా సెప్పీమంటావా?”

నేను వంగి చెప్పులు తొడుక్కున్నాను.

“అయినా దాని పేరు పోతే ఏటయిపోద్ది బావా? గెడ్డ మనిషి. దానికి సంగముందా, పెద్దరికముందా? పద, మేక మాంసం సల్లారిపోతంది.” నా భుజం మీద చెయ్యి వేశాడు. వెళ్ళాను. తిన్నాను కూడా.

మంగళవారం పైడమ్మ రొయ్యలు లేకుండా, ఇంకో గెడ్డనుంచి తెచ్చిన బొమ్మిడాయిలతో వచ్చింది. మొదటి ఇంటి తలుపు తెరుచుకుని మూసుకుంది. రెండో ఇల్లు. మూడో ఇంటి ఆవిడ కడుగునీళ్ళు ఆమె కాళ్ళ ముందు పోసింది.

“మందు పోసీ మనిసివి మా గుమ్మం తొక్కకు!”

“నానెందుకు పోత్తానమ్మా? నా కంచంలో నానే మన్నేసుకుంటానా?” అంది పైడమ్మ. “ఆ టోపీ బాబు పోసేడు. రెండు డబ్బాలు పోసేడు. నా కళ్ళతో సూసేను.”

“ఆయన పెద్దమనిషి. ఆయన్నంటావా!”

వీధి చివర మా ఇల్లు. నా భార్య గుమ్మంలో నిలబడి వెనక్కి తిరిగి నన్నడిగింది, “తీసుకోమంటావా?” అని. ఈ వారానికి వద్దులే అన్నాను. పైడమ్మ శుక్రవారం వచ్చింది, మళ్ళీ మంగళవారం వచ్చింది. మూడుసార్లు. తర్వాత రాలేదు.

అతను మాత్రం పెరిగాడు. ఆ ఏడే సంఘ కమిటీలోకి తీసుకున్నారు. కొత్తగా కాలనీకి వచ్చిన ప్రతి కుటుంబానికీ ఆ కథ చెప్పేవాడు. చెప్పేటప్పుడు రొయ్యని వేళ్ళ మధ్య వేలాడదీసి చూపు నిలిపే అభినయం ఒకటి చేసేవాడు, అది అతని భార్యది. నూట ఇరవై ఒకసారి నూట యాభై అయింది, ఒక క్రిస్మస్‌కి రెండు వందలు దాటింది. నేను ఎదురుగా ఉంటే మాత్రం నూట ఇరవై దగ్గరే ఆపేవాడు. ఆ ఇంట్లో మళ్ళీ రొయ్యలు పొయ్యెక్కలేదు, ఆమె ఎక్కనివ్వలేదు. వంకాయ కూర కలుపుకుంటూ అతను రొయ్యల ఇగురు ఎలా చెయ్యాలో చెబుతుంటే వినేవాళ్ళు అప్పటికీ ఉండేవారు.

ఐదేళ్ళ తర్వాత నేను ఓడల పని మానేసి, ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట ఒక మేస్త్రీ దగ్గర హాజరు రాసే పనిలో చేరాను. ఒక పొద్దున కాంక్రీటు తట్టలు మోసే ఆడవాళ్ళ వరసలో పేర్లు పిలుస్తుంటే “పైడమ్మ” అన్న పేరు వచ్చింది. తలెత్తాను. ఆమె నన్ను ముందే గుర్తుపట్టినట్టుంది.

మధ్యాహ్నం అన్నాల వేళ నేను కూర్చున్న రేకు నీడకి వచ్చింది. పలకరింపులేమీ లేవు.

“బాబూ, నిన్నొకటి అడగాల. మొదటి డబ్బా ఎందుకు పోసేడో నాకు తెల్సు. ఆశ. రెండోది ఎందుకు పోసేడు?”

చెప్పాను. ఏడు వందలని నేనే చెప్పానని, తొంభై నాలుగే వచ్చాయని, మిగతావి అడుగునున్నాయని అనుకున్నామని. అనుకున్నాడని అనలేదు, అనుకున్నామనే అన్నాను.

ఆమె నన్ను చాలాసేపు చూసింది. కోపం కాదు, పాఠం రాని పిల్లాణ్ణి చూసినట్టు.

“మడుగులో ఎప్పుడు సూసినా వందకి మించి ఉండవు బాబూ. అయి ఉండీవి కావు, ఎల్లీవి. పిల్లలు కిందనించి ఎక్కుతాయి, గుడ్డు రొయ్యలు సముద్రం నీటికి దిగుతాయి. రోజూ కొత్తయి. నాను పట్టీది దారినపోయీవాటిని. ఒక్క డబ్బాయితే ఆ వానకే మళ్ళీ ఎక్కీవి. రెండోది రాళ్ళ కిందికి దిగిపోనాది. రెండేళ్ళు ఏదీ నిలబళ్ళేదు అక్కడ.”

ఓడ కడుపులో వేసింది వేసినంతే ఉంటుంది, తీస్తే తరుగుతుంది. గెడ్డ ఓడ కాదు. ముప్ఫై ఏళ్ళు లెక్కలు వేసినవాణ్ణి, ఆ తేడా నాకు తట్టలేదు.

“ఇప్పుడు?” అన్నాను.

“ఇప్పుడు రొయ్యలు వచ్చీసినాయి బాబూ. పేరే రాలేదు. మీ వీధిలోకి బుట్ట పట్టుకుని రానేను. పక్క వీధికీ పాకిపోనాది ఆ మాట.” ఆమె లేచి, తలకి చుట్టుకున్న గుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకుంది. “ఇప్పుడు నాకు సెప్పిన ముక్కే మీ గుడిలో సెప్పు. అంతే.”

చెబుతానన్నాను. ఆమె నమ్మిందో లేదో తెలియదు. మేస్త్రీ కేకేస్తే తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అతను ఐదేళ్ళు బతికాడు. రెండు వందల అరవై ఆదివారాలు. నేను గుడికి వెళ్ళనివి అందులో పదకొండు. మిగిలిన రెండు వందల నలభై తొమ్మిది ఆదివారాలు అతను నాకు రెండు వరసల ముందు, కమిటీ వాళ్ళ కుర్చీలో, మెడ నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. నేను అతని వీపు చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు చెబుతున్నాను. పైడమ్మ గెడ్డలో మందు పొయ్యలేదు. ఆమె ఎవరికీ చచ్చిన రొయ్య అమ్మలేదు. రెండు డబ్బాలూ అతను పోయించాడు. ఏడు వందలన్న అంకె నాది.